సుత్తి దెబ్బకో టిక్కెట్టు!

సుత్తి అనగానే తెలుగు సినిమా ప్రేక్షకుడికి మేకు గుర్తుకు రాదు. జంధ్యాల గారు గుర్తుకొస్తారు! 1982లో వచ్చిన 'నాలుగు స్తంభాలాట'లో వీరభద్రరావు గారూ, వేలు గారూ కలిసి మన నెత్తిన ఎంత కమ్మగా సుత్తి కొట్టారంటే, ఆ మాటే వాళ్ళిద్దరికీ ఇంటిపేరై కూర్చుంది. ఇవాళ్టికీ ఎవడైనా ఎడతెరిపి లేకుండా వాయిస్తుంటే, "ఆపరా బాబూ నీ సుత్తి" అంటాం.

కంగారు పడి పేజీ తిప్పేయకండి. నేను చెప్పబోయేది ఆ సుత్తి కాదు, నిజం సుత్తి. కాకపోతే మెత్తటి సుత్తి. తలకాయ నిండా స్పాంజి కూరి, పైన నల్ల రెగ్జిను కుట్టి, ఎక్కడికీ ఎత్తుకుపోకుండా తాడుతో యంత్రానికి కట్టేసిన సుత్తి. దాన్ని పట్టుకుని నిలబడితే ఎదురుగా అయిదు కన్నాలు. కన్నంలోంచి బొమ్మ తల పైకి లేస్తుంది, మీరు టప్పున కొట్టాలి. ఒకటి లోపలికి పోయేలోగా ఇంకోటి లేస్తుంది. ఆట ముగిశాక యంత్రం కడుపులోంచి టకటకటక మంటూ కాగితం టిక్కెట్లు గొలుసులా బయటికొస్తాయి.

గుర్తొచ్చిందా? ముప్పై దాటిన వాళ్ళకి వచ్చే ఉంటుంది. ఇరవైల్లో ఉన్న పాఠకులకు యంత్రం తెలిసినా టిక్కెట్లు తెలియకపోవచ్చు. ఇప్పుడన్నీ కార్డులు కదా!

ఆ టిక్కెట్ల గురించి నేనొక సంగతి చెప్పాలి. ఇరవై ఏళ్ళుగా ఎవరికీ చెప్పనిది. అయితే ముందు ఆ ఎలక కథ విందాం.

ఎలకల ఆట

హైదరాబాదులో 2003లో ప్రసాద్స్ ఐమాక్స్ తెరుచుకుంది. దాంతో సినిమాకి వెళ్ళడమంటే మాకు అర్థం మారిపోయింది. అంతకుముందు హాలంటే హాలే. గేటు, బుకింగు కిటికీ, కటౌటు, ఇంటర్వెల్లో సమోసా. ఆ తర్వాత హాలు మాల్లోకి దూరింది. మెట్లు వాటంతటవే ఎక్కే చోట, బట్టల కొట్లు దాటి, తినుబండారాల మధ్యలోంచి సినిమాకి వెళ్ళాలి. దారిలో రంగురంగుల దీపాలతో, చెవులు చిల్లులు పడే చప్పుళ్ళతో ఒక గేమ్ జోను. పిల్లల్ని ఆ గుమ్మం దాటించి హాల్లోకి తీసుకుపోవడం తల్లిదండ్రులకు ఎవరెస్టు ఎక్కినంత పని.

ఒకటి రెండేళ్ళలో మా ఇంటికి రెండు బస్సులు మారితే చేరే దూరంలో అలాంటిదే ఇంకోటి వెలిసింది. పేరెందుకు లెండి. మా నాన్న ఆర్టీసీలో కండక్టరు. నెలకోసారి, ఆయనకి ఆదివారం సెలవు కుదిరిన రోజున, నన్నూ చెల్లినీ తీసుకెళ్ళేవారు. ప్రతిసారీ సినిమా చూడ్డానికి డబ్బులు సరిపోవు. కానీ చెరి రెండు ఆటలకు సరిపోయేవి. ఆటకు పది రూపాయలు.

కారు ఆటలూ, తుపాకీ ఆటలూ ఎన్ని ఉన్నా మా చెల్లి నేరుగా 'ఎలకల ఆట' దగ్గరికే పోయేది. నిజానికవి ఎలకలు కావు. ఇంగ్లీషులో 'మోల్' అంటారు. నేల కింద సొరంగాలు తవ్వుకుని వానపాములు తింటూ బతికే చిన్న జంతువు. జపాను, యూరపు, అమెరికా రైతుల పొలాలనూ తోటలనూ కుళ్ళబొడుస్తుంది. మన చేలల్లో మనకి తెలిసింది ఎలకలు, పందికొక్కులు. అందుకని మా పేట పిల్లలందరికీ అది ఎలకల ఆటే. ఆ బొమ్మకి గోధుమ రంగు మొహం, గులాబి ముక్కు, రెండు ముందు పళ్ళు. ఎలక కాక మరేమిటి?

నేను గుడ్డెద్దు చేలో పడ్డట్టు కొట్టేవాణ్ణి. చెల్లి పదేళ్ళది, నాకంటే మూడేళ్ళు చిన్నది, దానికి సుత్తి ఎత్తడమే కష్టం. అయినా ఎప్పుడూ నాకంటే ఎక్కువ టిక్కెట్లు దానికే. రహస్యమేమిటని అడిగితే చాన్నాళ్ళు చెప్పలేదు. చివరికి ఒకరోజు బస్సులో చెవిలో చెప్పింది: "కన్నాల వైపు చూడకు అన్నయ్యా. విను. లేచే ముందు 'ఉస్స్' మంటుంది."

అంత గోలలో అది గాలి చప్పుడు వింటోందన్న మాట!

పుట్టిల్లు జపాను

ఆ 'ఉస్స్' వెనక ఒక చరిత్ర ఉంది. పెద్దయ్యాక, రాతకోతలు వృత్తిగా పెట్టుకున్నాక, ఆ ఎలక పుట్టుపూర్వోత్తరాలు వెతికితే తెలిసింది.

ఈ ఆట పుట్టిల్లు జపాను. టోగో అనే వినోద యంత్రాల కంపెనీలో కజువో యమాడా అనే ఆయన 1975లో తయారు చేశారు. మన దేశంలో 'షోలే' విడుదలైన ఏడాది! దాని పేరు 'మొగురా తైజి'. మొగురా అంటే మోల్, తైజి అంటే దుష్టుల పని పట్టడం. మన లెక్కలో 'మూషికాసుర సంహారం' అనుకోండి. జపాను కుర్రకారు ఎగబడ్డారు. 1977లో బొమ్మల కంపెనీ బండాయ్ దీని లైసెన్సు పుచ్చుకుంది. ఆ ఏడాదే మన దగ్గర 'అడవి రాముడు', అమెరికాలో 'స్టార్ వార్స్' జనాన్ని ఊపేస్తున్నాయి.

మరుసటి ఏడాది, 1978లో, అదే జపాను నుంచి టైటో కంపెనీ 'స్పేస్ ఇన్వేడర్స్' వచ్చింది. ఆ వీడియో ఆట తుఫానుకి మోటార్లతో, బల్బులతో నడిచే పాత యంత్రాలు చాలా మట్టుకు మూలపడ్డాయి. టాకీలు రాగానే మూకీ తారలు తెరమరుగైనట్టు. కానీ మన ఎలక మాత్రం తల దించలేదు. దించినా మళ్ళీ లేచింది. దానికి అలవాటేగా!

ఎందుకు బతికిందంటే నాకు తోచిన కారణం ఒకటే. తెరమీద శత్రువుని చంపితే చేతికేమీ తగలదు. సుత్తి దెబ్బ చేతికి తగులుతుంది, భుజానికి తగులుతుంది. ఎడాపెడా బాదినందుకు తిట్టేవాడు లేడు. పైగా ఈ ఆటకి చదువక్కర్లేదు, భాష అక్కర్లేదు. మూడేళ్ళ పాపకీ ముసలి తాతకీ చూడగానే అర్థమైపోతుంది.

దీని తర్వాత ఇంకెన్నో సుత్తి ఆటలు వచ్చాయి. వాటిలో గొప్పది 1980ల చివర్లో నామ్కో కంపెనీ తెచ్చిన మొసళ్ళ ఆట, 'వానీ వానీ పానిక్'. అయిదు మొసళ్ళు నోళ్ళు తెరుచుకుని గుహల్లోంచి మీ మీదికి పాక్కుంటూ వస్తాయి. చాలా దెబ్బలు తిన్నాక వాటికి కోపం వస్తుంది, వేగం పెంచుతాయి. క్లైమాక్సులో విలన్‌కి రెచ్చిపోయే టైము ఇచ్చినట్టు! విడిభాగాలు దొరక్క 2024 మార్చితో ఆ మొసళ్ళకి కంపెనీ మరమ్మతులు ఆపేసింది. ఇక పాడైతే పాడైనట్టే.

మేయర్ గారి సుత్తి

ఇప్పుడు అమెరికా వెళదాం. అక్కడి జాతరల్లో సుత్తికి మొదటినుంచీ పెద్దపీటే. బరువైన సమ్మెటతో కింద పలకమీద కొడితే ఇనుప బిళ్ళ స్తంభం మీదుగా పైకి దూసుకెళ్ళి గంట మోగించే 'హై స్ట్రైకర్' మీరు హాలీవుడ్ సినిమాల్లో చూసే ఉంటారు. హీరో గంట మోగిస్తాడు, హీరోయిన్‌కి బొమ్మ గెలుస్తాడు. అది బలప్రదర్శన. ఎలకల ఆట మాత్రం చురుకుదనానికి పరీక్ష.

అయితే అమెరికాలో ఆట యంత్రాల మీదే సుత్తి పడిన రోజులున్నాయి. న్యూయార్కు మేయర్ లాగార్డియా గారికి పిన్‌బాల్ అంటే ఒళ్ళుమంట. అది ఆట కాదు జూదం, బడిపిల్లల జేబులు కొట్టే యంత్రం అని ఆయన వాదన. 1942లో నగరంలో పిన్‌బాల్‌ని నిషేధించి, పట్టుకొచ్చిన యంత్రాలను ఫోటోగ్రాఫర్ల ముందు స్వయంగా సమ్మెటతో పగలగొట్టారు! ఆ నిషేధం ముప్పై నాలుగేళ్ళు నడిచింది. చివరికి 1976లో రోజర్ షార్ప్ అనే యువ రచయిత నగర కౌన్సిల్ పెద్దల ఎదుట ఆడి చూపించాడు. "బంతిని ఇదిగో, ఈ దారిలో పంపిస్తాను" అని ముందే చెప్పి, చెప్పినట్టే పంపించాడు. ఇది అదృష్టం కాదు, నేర్పు అని పెద్దలు ఒప్పుకోక తప్పలేదు. నిషేధం ఎత్తేశారు. ఈ కథని 2022లో 'పిన్‌బాల్: ద మ్యాన్ హూ సేవ్డ్ ద గేమ్' అని సినిమాగా తీశారు. దొరికితే చూడండి.

నేర్పా, అదృష్టమా? టిక్కెట్ల రహస్యం కూడా ఈ ప్రశ్నలోనే ఉంది. ఆడి గెలిచినవాడి చేతిలో డబ్బు పెడితే జూదం అవుతుంది, పోలీసులొస్తారు. డబ్బుకి బదులు కాగితం టిక్కెట్టు ఇచ్చి, ఆ టిక్కెట్లకి కౌంటర్లో బొమ్మలో, పెన్సిళ్ళో ఇస్తే అది బహుమతి. ఆడేవాడికీ అదే మేలనిపిస్తుంది. ఒకసారి ఓడినా రెండు టిక్కెట్లయినా చేతికొస్తాయి. దాచుకోవచ్చు, కూడబెట్టుకోవచ్చు. "ఇంకో నూరు వస్తే అదిగో ఆ బొమ్మ" అని మళ్ళీ రావచ్చు. యజమానికి కావలసింది కూడా అదేగా!

సరిగ్గా ఆ 1976 నవంబరులోనే మన ఎలక సముద్రం దాటింది. వినోద పార్కుల వాళ్ళ వాణిజ్య ప్రదర్శనకి జపాను యంత్రం వచ్చింది. దాన్ని చూసిన ఇద్దరు వ్యాపారులు ఇలాంటిది మనమూ చేయించాలనుకుని, ఫ్లోరిడాలోని ఆర్లాండోలో ఉన్న ఆరన్ ఫెక్టర్ అనే కుర్ర ఇంజనీరు దగ్గరికి వెళ్ళారు. ఆయన ఆ ఎలకలకి గాలి సిలిండర్లు బిగించాడు. కంప్రెసర్ నుంచి వచ్చే గాలి గొట్టంలోకి కొట్టగానే ఎలక లేస్తుంది, గాలి వదలగానే దిగుతుంది. ఆ తర్వాత డేటోనా బీచ్ ప్రాంతపు 'బాబ్స్ స్పేస్ రేసర్స్' కంపెనీ దీన్ని 'వాక్-ఎ-మోల్' పేరుతో ఊరూరా జాతరలకి పంపింది.

ఇప్పుడు తెలిసిందా, మా చెల్లి విన్న 'ఉస్స్' ఎక్కడిదో?

గొరిల్లా వాయించే బాండు

ఆరన్ ఫెక్టర్ కథ అక్కడితో ఆగలేదు. సినిమా పత్రిక చదివే మీకు అసలు పనికొచ్చే ముక్క ఇదే.

1977లో, అటారీ కంపెనీ పెట్టిన నోలన్ బుష్నెల్ కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఒక పిజ్జా హోటలు తెరిచాడు. పిజ్జా కాలడానికి టైము పడుతుంది కదా, ఆ లోపల పిల్లలు ఆటలాడుకుంటారు, వేదికమీద మర బొమ్మలు పాటలు పాడతాయి. అదే చక్-ఈ-చీజ్. ఎలక బొమ్మే దానికి హీరో! దానికి పోటీగా 1980లో 'షోబిజ్ పిజ్జా ప్లేస్' వచ్చింది. దాని వేదికమీద బాండు మేళం తయారుచేసింది మన ఫెక్టరే. గొరిల్లా కీబోర్డు వాయిస్తుంది, కుక్క డ్రమ్ములు కొడుతుంది, ఎలకమ్మాయి పాడుతుంది. 'రాకాఫైర్ ఎక్స్‌ప్లోజన్' అని దాని పేరు. కన్ను కొట్టడం, పెదవి కదపడం అన్నీ గాలి సిలిండర్లతోనే. సుత్తి దెబ్బ తిన్న ఎలకకి ఊపిరి పోసిన విద్యే గొరిల్లాకి ప్రాణం పోసింది.

1984లో చక్-ఈ-చీజ్ దివాలా తీస్తే షోబిజ్ కొనేసింది. 1990 తర్వాత ఫెక్టర్ బొమ్మల వేషాలు మార్చి చక్-ఈ-చీజ్ పాత్రలుగా ఆడించారు. హీరో డేట్లు లేకపోతే డూపుతో లాగించేసినట్టు! కానీ చిన్నప్పుడు వాటిని చూసిన పిల్లలు మర్చిపోలేదు. పెద్దయ్యాక ఆ బొమ్మల మీద 2008లో ఒక డాక్యుమెంటరీ వచ్చింది. చీకట్లో అలాంటి బొమ్మలే కదిలొస్తే ఎలా ఉంటుందన్న ఊహలోంచి ఒక వీడియో ఆటా, దాన్నుంచి 2023లో 'ఫైవ్ నైట్స్ ఎట్ ఫ్రెడ్డీస్' సినిమా పుట్టుకొచ్చాయి. ఆ సినిమా చూసి దుప్పటి కప్పుకున్న మిత్రులు నాకు ఇద్దరున్నారు. వాళ్ళు భయపడ్డది ఎవరో నాన్నమ్మల కాలపు దయ్యానికి కాదు, పిజ్జా హోటలు బొమ్మకి!

ఏడు వందల కోట్ల టిక్కెట్లు

ఇక టిక్కెట్ల సంగతి. 2020లో కరోనా వచ్చి ఆటస్థలాలన్నీ మూతపడ్డాయి. జూన్‌లో చక్-ఈ-చీజ్ యాజమాన్యం దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది. సెప్టెంబరులో ఆ కోర్టునే ఒక చిత్రమైన అనుమతి అడిగింది. సరఫరాదారుల దగ్గర అచ్చయి పడివున్న 7 బిలియన్ల టిక్కెట్లను, అంటే ఏడు వందల కోట్ల టిక్కెట్లను, నాశనం చేయనివ్వండి అని!

నలభై అడుగుల ఓడ కంటెయినర్లు 65 నిండేంత కాగితం అది. నాశనం చేయడానికే దాదాపు 23 లక్షల డాలర్లు ఖర్చు. చెయ్యకుండా వదిలేస్తే, అవి ఎవరి చేతిలోనైనా పడి బహుమతులకి పట్టుకొస్తే, 90 లక్షల డాలర్ల సరుకు ఇవ్వాల్సి వస్తుందట. నేను కూర్చుని లెక్కేశాను. సెంటు అంటే డాలర్లో నూరో వంతు. ఆ సెంటుకి దాదాపు ఎనిమిది టిక్కెట్లు. పిల్లలు రొప్పుతూ, చెమటలు కక్కుతూ సంపాదించుకున్న టిక్కెట్టు విలువ అంతే.

ఈ వార్త చదివిన రోజు నాకు నవ్వు రావాలి. రాలేదు. నాకు మా ఇంటి బిస్కెట్ల డబ్బా గుర్తొచ్చింది.

"ఎలకలు కొరికేశాయి"

చెల్లి తన టిక్కెట్లన్నీ ఆ రేకు డబ్బాలో దాచేది. కౌంటర్లో అద్దాల వెనక ఒక నగల పెట్టె ఉండేది. మూత తీస్తే సంగీతం వస్తుంది, గౌను వేసుకున్న బొమ్మ గుండ్రంగా తిరుగుతుంది. వెయ్యి టిక్కెట్లు. "అమ్మ చెవి కమ్మలు అగ్గిపెట్టెలో పెట్టుకుంటోంది కదన్నయ్యా" అనేది. ఏడాది పాటు పోగు చేసింది. తను గెల్చినవీ, నేను గెల్చినవీ, ఎవరో పట్టించుకోకుండా నేలమీద వదిలేసి పోయినవీ ఏరి మరీ దాచింది. 640 అయ్యాయి.

2006 వేసవి. 'పోకిరి' విడుదలై ఊరు ఊరంతా ఊగిపోతున్న రోజులు. నాకు పదమూడేళ్ళు. అదే అద్దాల వెనక నల్ల కళ్ళద్దాలున్నాయి, 600 టిక్కెట్లు. అవి పెట్టుకుని, కాలరు ఎత్తుకుని బడి తెరిచిన రోజు క్లాసులోకి నడిచి వెళితే ఎలా ఉంటుందో నాకు స్లో మోషన్లో కనపడేది. ఒక మధ్యాహ్నం డబ్బాలోంచి టిక్కెట్లు తీసి, ప్లాస్టిక్ కవర్లో కుక్కుకుని, ఒక్కణ్ణే రెండు బస్సులు మారి వెళ్ళాను. కళ్ళద్దాలు తెచ్చుకున్నాను. మిగిలిన వాటిలో ముప్పైకి చాక్లెట్లు. ఇంకో పది టిక్కెట్లు మాత్రం వెనక్కి తెచ్చాను. ఎందుకనుకుంటున్నారు? ముక్కలు ముక్కలుగా చింపి డబ్బాలో పోయడానికి!

సాయంత్రం చెల్లి డబ్బా తెరిచింది. "ఎలకలు కొరికేశాయే" అన్నాను. ఏడాదంతా ఎలకల్ని బాదినదానికి అవి పగ తీర్చుకున్నాయని జోకు కూడా వేశాను. అది నవ్వలేదు, ఏడవలేదు. ముక్కలన్నీ ఏరి మళ్ళీ డబ్బాలోనే పెట్టి మూత మూసింది.

రాత్రి డ్యూటీ దిగి వచ్చాక నాన్న ఆ ముక్కలు చూశారు. బల్బు కిందికి తీసుకెళ్ళి ఒక్కొక్కటీ తిప్పి తిప్పి చూశారు. జీవితమంతా టిక్కెట్లు చింపిన మనిషి! అమ్మా, చెల్లీ పడుకున్నాక నన్ను వాకిట్లోకి పిలిచారు.

"ఎలక చిల్లుల గీత మీద కొరకదురా" అన్నారు.

నా నోట మాట లేదు.

"టిక్కెట్టు చింపితే లెక్క చెప్పాలి. నాకు కాదు. దానికి. నువ్వే చెప్పు." అంతే, లోపలికి వెళ్ళిపోయారు. ఒక దెబ్బ వేసినా బాగుండేది. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నేనూ చెల్లికి చెప్పలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఉండగానే బళ్ళు తెరిచారు. కళ్ళద్దాలు బీరువా వెనక దాచాను. వారం తర్వాత చూస్తే ఒక కమ్మీ విరిగి ఉంది. చైనా సరుకు, ఇంతే అనుకున్నాను. ఒక్కరోజైనా పెట్టుకోలేదు.

చెల్లి ఆ తర్వాత గేమ్ జోనుకి రానంది. కొన్నేళ్ళకి అక్కడ కాగితం టిక్కెట్లు తీసేసి కార్డులు పెట్టారని ఎవరో చెప్పారు. నాన్న రిటైరయ్యారు, 2019లో పోయారు. లెక్క మాత్రం అలాగే ఉండిపోయింది.

మీకో సంగతి తెలుసా? ఇంగ్లీషు పత్రికల్లో ఈ ఆట పేరు ఇప్పుడొక సామెత. ఒకచోట అణిస్తే ఇంకోచోట లేచే తలనొప్పికల్లా 'వాక్-ఎ-మోల్' అంటారు. మన సినిమావాళ్ళకి ఈ బాధ బాగా తెలుసు. ఒక పైరసీ సైటు మూయిస్తే తెల్లారేసరికి ఇంకో పేరుతో మరొకటి లేస్తుంది. దాచిన తప్పు కూడా అంతేనని నా అనుభవం. పండక్కి చెల్లి ఫోన్ చేసినప్పుడు లేస్తుంది. బస్సెక్కి టిక్కెట్టు తీసుకున్నప్పుడు లేస్తుంది. ఎక్కడ కొడితే దిగుతుందో తెలిసినా చెయ్యి రాదు.

బాకీ

చెల్లి ఇప్పుడు అమెరికాలో టెక్సాస్‌లో ఉంటోంది. 2025 వేసవిలో ఆరేళ్ళ కొడుకుని తీసుకుని వచ్చింది. వాడు ఏదో సినిమా చూస్తానంటే ముగ్గురం ఒక మాల్‌కి వెళ్ళాం. ఆటకి ఇంకా అరగంట టైముంది. మూల తిరగగానే గేమ్ జోను, అందులో ఎలకల ఆట! రంగులు మారాయి. నాణెం వేసే చోట కార్డు గీసే పెట్టె వచ్చింది. టిక్కెట్లు వచ్చే సందుకి రేకు ముక్క అడ్డంగా బిగించేశారు. సుత్తి మాత్రం అదే సుత్తి.

మేనల్లుడు రెండు ఆటలాడి కారు ఆట దగ్గరికి పరిగెత్తాడు. మేమిద్దరం మిగిలాం. చెల్లి సుత్తి తీసుకుని, కళ్ళు మూసుకుని నిలబడింది.

"ఏమిటే అది?" అన్నాను.

"వినపడట్లేదు అన్నయ్యా. ఇది మోటారుతో నడిచేది కాబోలు" అంది నిరాశగా.

ఎందుకో అప్పుడు ఆగలేకపోయాను. చెప్పేశాను. డబ్బా, కవరు, రెండు బస్సులు, చింపిన పది టిక్కెట్లు, నాన్న అన్న మాట... అంతా చెప్పేశాను. నా గొంతు నాకే వింతగా వినపడింది.

అది సుత్తి కింద పెట్టకుండానే అంది: "తెలుసు."

"నాన్న చెప్పారా?"

"నాన్నెందుకు చెప్తారు? ఆ వారమే బీరువా వెనక చూశా. ఆ కమ్మీ దానంతటదే విరిగిందనుకున్నావా?"

కాస్సేపు నాకేం అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాలో, నెత్తి బాదుకోవాలో తెలియలేదు.

"మరి ఇన్నాళ్ళూ అడగలేదేం?"

"నువ్వే చెప్తావేమోనని చూశా." ఈసారి దాని మొహంలో నవ్వు లేదు. "నగల పెట్టె పోతే పోయింది అన్నయ్యా. నిజంగా ఎలకలే కొరికాయేమోనని మూడు రాత్రులు నిద్రపోకుండా విన్నా. ఎలక చప్పుడు చేస్తుందేమోనని. అది మాత్రం నీ మీద బాకీయే."

గాలి చప్పుడు వినగలిగిన పిల్ల, మూడు రాత్రులు చీకట్లో చెవులు రిక్కించి కూర్చుంది. నేను పక్క మంచం మీద గుర్రు పెట్టి నిద్రపోయాను.

సినిమా మొదలయ్యే టైమైంది. మేనల్లుడు మా చేతులు పట్టి లాగుతున్నాడు. చెల్లి మాత్రం కార్డు నా చేతిలో పెట్టి, "కొట్టు" అంది. కొట్టాను. ఆ రోజు ఎన్ని ఆటలాడానో లెక్క పెట్టలేదు. సినిమాలో హీరో ఎంట్రీ పోయింది. వాడు అమెరికా యాసలో నన్ను తిడుతూనే ఉన్నాడు. చివరికి కౌంటర్లో అమ్మాయి కార్డు గీసి చూసి, "రెండువందల పధ్నాలుగు పాయింట్లు సర్" అంది.

ఆ పాయింట్లకి ఏమిస్తారని అడగబోయాను. చెల్లి కార్డు లాక్కుని హ్యాండు బ్యాగులో వేసుకుంది.

"ఏమీ వద్దు, దాచుకుంటా. ఆరువందల నలభైలో రెండువందల పధ్నాలుగు పోతే నాలుగువందల ఇరవై ఆరు. మళ్ళీ ఏడాది వస్తాగా" అంది. కండక్టరు గారి కూతురు కదా, లెక్క తప్పదు!

పాఠకులారా, ప్రస్తుతం నేను భుజానికి బామ్ రాసుకుంటూ ఈ వ్యాసం రాస్తున్నాను. మీ ఇంట్లోనూ ఏ అటక మీదో, ఏ డబ్బాలోనో పాత టిక్కెట్లు కొన్ని మిగిలి ఉంటే వాటికి ఇప్పుడు బహుమతి ఇచ్చే కౌంటర్లు లేవు. కానీ వాటి లెక్క ఎవరికైనా చెప్పాల్సి ఉంటే... చెప్పేయండి. అవతలివాళ్ళకి ఆ సంగతి ఎప్పుడో తెలిసే ఉంటుంది!